ఏడు లక్షల మందికీ ఒక్కరే, లక్షన్నర మందికీ ఒక్కరే: అసెంబ్లీ సీటు వెనుక జనాభా లెక్క

2023 నవంబరులో తెలంగాణ అసెంబ్లీకి పోలింగ్ జరిగేనాటికి శేరిలింగంపల్లి ఓటర్ల జాబితాలో సుమారు 7.32 లక్షల పేర్లున్నాయి. భద్రాచలం జాబితాలో ఉన్నవి 1.48 లక్షలు. గెలిచిన ఇద్దరికీ సభలో చెరో ఓటే. రాష్ట్రపతి ఎన్నికలోనూ తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132, అది ఏ నియోజకవర్గం ఎమ్మెల్యేదైనా సరే. రాష్ట్రంలోని 3.26 కోట్ల ఓటర్లను 119తో భాగిస్తే సగటు 2.74 లక్షలు వస్తుంది. శేరిలింగంపల్లి ఆ సగటుకు రెండున్నర రెట్లు దాటింది. భద్రాచలం అందులో సగానికి కాస్త పైన ఆగింది.

ఈ తేడా చూడగానే ఎవరో కావాలని గీతలు అటూ ఇటూ జరిపారన్న అనుమానం కలుగుతుంది. ఈ రెండింటి విషయంలో అది నిజం కాదు. గీత గీసిన నాటి లెక్కల్లో రెండూ సగటుకు అంత దూరంగా లేవు. ఒక చోటికి జనం వచ్చి పడ్డారు. ఇంకో చోట జనం ఉన్న ఊళ్లతో సహా నేలే పక్క రాష్ట్రానికి వెళ్లిపోయింది.

ఇప్పుడున్న హద్దులు 2002 నియోజకవర్గాల పునర్విభజన చట్టం కింద జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ గీసినవి. వాటితో జరిగిన మొదటి ఎన్నిక 2009 నాటిది. కమిషన్‌లో కేంద్ర ఎన్నికల సంఘం ప్రతినిధి, రాష్ట్ర ఎన్నికల కమిషనర్ సభ్యులుగా ఉంటారు. రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు సహ సభ్యులుగా కూర్చుంటారు. వాళ్లు మాట్లాడొచ్చు, అసమ్మతి రాయొచ్చు, ఓటు మాత్రం లేదు. పునర్విభజనను ముఖ్యమంత్రి చేయించాడనో, ఫలానా ఎమ్మెల్యే ఆపించాడనో ఊళ్లలో చెప్పుకునే మాటలను ఈ ఒక్క నిబంధన గుర్తు పెట్టుకుని వింటే మంచిది.

రాజ్యాంగంలోని 170వ అధికరణం ఒక రాష్ట్రంలోని నియోజకవర్గాలన్నింటిలో జనాభా, వీలైనంత వరకు, సమానంగా ఉండాలంటుంది. అదే అధికరణం కింద రెండు తాళాలు కూడా పడ్డాయి. మొత్తం సీట్ల సంఖ్యకు 1971 జనాభా లెక్కలే ప్రాతిపదిక. ఆ సీట్ల మధ్య హద్దులకు 2001 లెక్కలు ప్రాతిపదిక. 84వ సవరణ మొదటి తాళాన్ని 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. 87వ సవరణ రెండో దాని ప్రాతిపదికను 2001కి మార్చింది. అందుకే 2008లో హద్దులు మారినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ సంఖ్య 294 దగ్గరే నిలబడింది.

ఆ 294 కూడా ఊరికే వచ్చిన అంకె కాదు. అసెంబ్లీ స్థానాలు లోక్‌సభ స్థానాలకు సరిసమాన గుణిజంగా ఉండాలని పునర్విభజన చట్టం చెబుతుంది. 42 లోక్‌సభ సీట్లు, ఒక్కోదానికి 7 చొప్పున 294. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు 25ను 7తో గుణిస్తే 175, తెలంగాణకు 17ను 7తో గుణిస్తే 119. ఈ సీట్లను పెంచాలంటూ రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్‌లో రాసిన 225, 153 అంకెలను 25తో, 17తో భాగించి చూడండి. రెండు చోట్లా సరిగ్గా 9 వస్తుంది. నియోజకవర్గాల పెంపు మీద ఏళ్ల తరబడి నడిచిన చర్చలో ఈ ఎక్కం చాలామందికి పట్టలేదు.

కమిషన్ పని పద్ధతి కాగితం మీద తేలిగ్గానే ఉంటుంది. 2001లో ఉమ్మడి రాష్ట్ర జనాభా 7.62 కోట్లు. 294తో భాగిస్తే ఒక్కో సీటుకు 2.59 లక్షలు. ముందుగా ఈ సగటుతో ప్రతి జిల్లా జనాభానూ భాగించి జిల్లాకు ఎన్ని సీట్లో తేల్చారు. హైదరాబాద్ జిల్లా జనాభా 38.30 లక్షలు, భాగిస్తే 14.8, కాబట్టి 15 సీట్లు. రంగారెడ్డి జిల్లా 35.75 లక్షలు, 13.8, కాబట్టి 14. విజయనగరం 22.49 లక్షలు, 8.7, కాబట్టి 9. కడప 26 లక్షలు, దాదాపు కచ్చితంగా 10. ఆ తర్వాత జిల్లా లోపల మండలాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చి సగటుకు పది శాతం అటూ ఇటూగా, అంటే 2.33 లక్షల నుంచి 2.85 లక్షల మధ్య నియోజకవర్గాలు తయారు చేశారు. వీలైనంత వరకు మండలాన్ని చీల్చరు. తప్పనిసరై చీల్చినా గ్రామాన్ని రెండు ముక్కలు చేయరు. నగరంలో మండలం బదులు వార్డులు, బ్లాకులు వస్తాయి. నది, కొండ, రోడ్డు, బస్సు సౌకర్యం కూడా చూడాలని చట్టం చెబుతుంది. ప్రతి అసెంబ్లీ సీటూ పూర్తిగా ఒకే లోక్‌సభ సీటు లోపల ఇమడాలి.

ఈ భాగహారం ప్రాంతాల మధ్య బలాబలాలను బాగానే కదిలించింది. ఉమ్మడి సభలో తెలంగాణ సీట్లు 107 నుంచి 119కి పెరిగాయి. కోస్తా, రాయలసీమలవి కలిపి 187 నుంచి 175కి తగ్గాయి. రంగారెడ్డి జిల్లా ఒక్కటే 6 నుంచి 14కి ఎగబాకింది. రాష్ట్ర విభజన వేడిలో ఈ మార్పు మరుగున పడింది గానీ 2009 నాటికి ఎన్నో రాజకీయ కుటుంబాల సొంత సీట్లు మాయమవడానికి కారణం ఇదే.

పద్ధతిలో తప్పు లేదు. తేదీలోనే ఉంది చిక్కు. 2001 జనాభాతో గీసిన గీతలతో 2009లో ఎన్నికలు జరిగాయి. మరో రెండేళ్లకు 2011 జనగణన వచ్చింది. రంగారెడ్డి జిల్లా జనాభా 35.75 లక్షల నుంచి 52.97 లక్షలకు చేరింది. పదేళ్లలో 48 శాతం పెరుగుదల. హైదరాబాద్ జిల్లా మాత్రం 39.43 లక్షల దగ్గరే ఉంది, పెరిగింది మూడు శాతమే. తెలంగాణ సగటు 2.94 లక్షలతో మళ్లీ భాగిస్తే రంగారెడ్డికి 18 సీట్లు రావాలి, ఉన్నవి 14. హైదరాబాద్‌కు 13 చాలు, ఉన్నవి 15. అంటే కొత్త హద్దులతో ఒక్క ఎన్నిక జరిగేసరికే పాతబస్తీ, సికింద్రాబాద్ లాంటి పాత నగరానికి లెక్కకు మించి, శివార్లకు లెక్కకు తక్కువగా ప్రాతినిధ్యం వచ్చి కూర్చుంది.

శేరిలింగంపల్లి ఈ శివారు కథకు కొస. 2001లో అది విడి మున్సిపాలిటీ. 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసింది. గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్, హఫీజ్‌పేట, మియాపూర్, చందానగర్ అన్నీ ఈ ఒక్క సీటులోనే ఉన్నాయి. ఐటీ కంపెనీలు, వాటి వెంట అపార్టుమెంట్లు, వాటిని కట్టడానికి వచ్చిన కూలీలు, అందరూ 2001 గీత మీదే వచ్చి చేరారు. పైగా ఇక్కడ ఓటర్ల సంఖ్య కూడా అసలు జనాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. శ్రీకాకుళం నుంచో కరీంనగర్ నుంచో వచ్చి ఇక్కడే ఉంటున్నవాళ్లలో చాలామంది ఓటు సొంతూళ్లోనే ఉంచుకుంటారు. ఎన్నికల ముందు రోజు హైదరాబాద్ బస్టాండ్లు, టోల్ గేట్లు కిటకిటలాడేది అందుకే. వాళ్లు వాడే రోడ్డు, డ్రైనేజీ, నీళ్లు ఈ ఎమ్మెల్యే పరిధిలోవి. వాళ్లు వేసే ఓటు ఇంకో ఎమ్మెల్యేకి పడుతుంది.

భద్రాచలం సంగతి వేరు. 2008 హద్దుల ప్రకారం ఆ ఎస్టీ నియోజకవర్గంలో గోదావరికి ఇటు దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడులతో పాటు చింతూరు, కూనవరం, వీఆర్ పురం కూడా ఉండేవి. 2014 ఏప్రిల్ 30న అక్కడివాళ్లంతా భద్రాచలం ఎమ్మెల్యే కోసం ఓటు వేశారు. సీపీఎం అభ్యర్థి సున్నం రాజయ్య గెలిచారు. మే నెలాఖరులో పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ ఆర్డినెన్స్ వచ్చింది. జులైలో అది చట్టమైంది. చింతూరు, కూనవరం, వీఆర్ పురం, భద్రాచలం పట్టణం మినహా భద్రాచలం మండలం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొంత భాగం అటు వెళ్లాయి. ఈ బదిలీతో తెలంగాణ 2011 జనాభా 3.52 కోట్ల నుంచి 3.50 కోట్లకు దిగింది. దాదాపు 1.90 లక్షల మంది రాష్ట్రం మారారు.

జనం మారినా వాళ్ల ఎమ్మెల్యే మారలేదు. ఆయన కూర్చునేది తెలంగాణ శాసనసభలో. చింతూరు రైతు భూమి పాసుపుస్తకం, రేషన్ కార్డు, పోలవరం పునరావాస ప్యాకేజీ అన్నీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. ఆ ప్రభుత్వాన్ని సభలో నిలదీయడానికి ఆ ఊళ్లు ఎన్నుకున్న మనిషి లేడు. 2019 ఎన్నికల్లో రంపచోడవరం, పోలవరం నియోజకవర్గాల ఓటర్లుగా బూత్‌కు వెళ్లేదాకా అయిదేళ్లు ఇలాగే గడిచాయి. దేశంలోనే అతి పెద్ద నిర్వాసిత సమస్యల్లో ఒకటి నడుస్తున్న కాలంలో ఇది జరిగిందని గుర్తు పెట్టుకోవాలి. జనాభాలో అంకెల సమానత్వం గురించి ఎంతైనా వాదించుకోవచ్చు, సున్నా ప్రాతినిధ్యం ముందు అవన్నీ చిన్నవే.

మిగిలిన భద్రాచలం ఇప్పుడు అయిదు మండలాల సీటు. జిల్లాల విభజన వచ్చాక అది కూడా రెండు ముక్కలైంది. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, వెంకటాపురం, వాజేడు ములుగు జిల్లాలో ఉన్నాయి. లోక్‌సభకు అది మహబూబాబాద్ కిందికి వస్తుంది. ఓటర్లు తక్కువే గానీ ఒక ఎమ్మెల్యే ఇద్దరు కలెక్టర్ల చుట్టూ, గోదావరి ఒడ్డు వెంట ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా తిరగాలి. అటు రంపచోడవరం పదకొండు మండలాలతో అడ్డతీగల నుంచి చింతూరు దాకా సాగింది. ఏజెన్సీలో తక్కువ జనాభాను తప్పుగా చూడలేం. అక్కడ దూరం కూడా ఒక లెక్కే. శేరిలింగంపల్లికి మాత్రం అలాంటి సాకు ఏదీ లేదు.

ఆచరణలో ఈ తేడా ఎక్కడ కనిపిస్తుంది? ముందు ఖర్చులో. పెద్ద రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి 40 లక్షల రూపాయలు. ఆ పరిమితి నియోజకవర్గం సైజును చూడదు. శేరిలింగంపల్లిలో ఓటరుకు అయిదున్నర రూపాయలు, భద్రాచలంలో 27 రూపాయలు. అయిదున్నర రూపాయలతో ఒక ఓటరుకు రెండు కరపత్రాలు పంచడమే గగనం. పరిమితిని నిజాయితీగా పాటించే అభ్యర్థికి పెద్ద నియోజకవర్గంలో ఇంటింటి ప్రచారం అసాధ్యం. అక్కడ పార్టీ ఖర్చు, పరోక్ష ఖర్చు, లెక్కల్లో రాని ఖర్చు పెరగడానికి ఇదొక కారణం.

తర్వాత పోలింగ్ ఏర్పాట్లు. ఒక పోలింగ్ కేంద్రానికి గరిష్ఠంగా 1,500 మంది అనుకుంటే 7.32 లక్షల మందికి కనీసం 488 కేంద్రాలు కావాలి. ఆ పరిమితిని 2025లో 1,200కు దించారు, దాని ప్రకారం అదే జాబితాకు 610 కావాలి. గెలుపు అంకెల అర్థం కూడా మారిపోతుంది. 2023లో పక్కనే ఉన్న కుత్బుల్లాపూర్‌లో గెలిచిన అభ్యర్థికి 1.87 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. అది భద్రాచలంలోని మొత్తం ఓటర్ల కంటే ఎక్కువ. ఆయన మెజారిటీ 85,576. భద్రాచలంలో 53 వేల పైచిలుకు ఓట్లతోనే సీటు దక్కింది. మెజారిటీలను ఒక నియోజకవర్గంతో ఇంకోదాన్ని పోల్చి ‘రికార్డు గెలుపు’ అని రాసే పత్రికలు ముందు ఓటర్ల సంఖ్య పక్కన వేసి చూపిస్తే బాగుంటుంది.

రిజర్వుడ్ సీట్ల లెక్క మరో మెలిక. 332వ అధికరణం ప్రకారం ఎస్సీ, ఎస్టీ సీట్లు రాష్ట్ర జనాభాలో వాళ్ల వాటాకు అనుగుణంగా ఉండాలి. 2001లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీలు 16.19 శాతం, ఎస్టీలు 6.59 శాతం. 294తో లెక్క కడితే 47.6, 19.4. అలా ఎస్సీ సీట్లు 39 నుంచి 48కి, ఎస్టీ సీట్లు 15 నుంచి 19కి పెరిగాయి. ఏ సీటు రిజర్వు చేయాలో తేల్చేటప్పుడు రెండింటికీ పద్ధతి వేరు. ఎస్టీలకైతే వాళ్ల శాతం అన్నిటికంటే ఎక్కువగా ఉన్న నియోజకవర్గాలను పై నుంచి వరసగా తీసుకుంటారు. ఎస్సీలకైతే శాతం ఎక్కువ ఉండాలి, రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాలకు విస్తరించి కూడా ఉండాలి.

రాష్ట్రం విడిపోయినప్పుడు కొత్తగా లెక్క కట్టలేదు, ఉన్న సీట్లు ఉన్నట్టే అటూ ఇటూ వెళ్లాయి. తెలంగాణకు 19 ఎస్సీ, 12 ఎస్టీ. ఆంధ్రప్రదేశ్‌కు 29 ఎస్సీ, 7 ఎస్టీ. ఎస్సీల విషయంలో తేడా పెద్దగా లేదు. ఎస్టీల దగ్గరే లెక్క తప్పింది. 2011లో తెలంగాణ జనాభాలో ఎస్టీలు 9 శాతం పైన, అంటే 119లో సుమారు 11 సీట్లు. ఆంధ్రప్రదేశ్‌లో అయిదున్నర శాతం, అంటే 175లో 9 నుంచి 10 సీట్లు. ఉన్నవి ఏడే. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. ఇవన్నీ ఉత్తరపు ఏజెన్సీ పట్టీలోవి. నెల్లూరు చుట్టుపక్కల చెదిరి ఉన్న యానాదులు సంఖ్యలో తక్కువేం కాదు. కానీ ఏ ఒక్క నియోజకవర్గంలోనూ పై వరసలో నిలిచేంత గుంపుగా లేరు. ఉమ్మడి రాష్ట్రపు వరసలో వాళ్ల వాటా సీట్లు ఆదిలాబాద్, ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వెళ్లాయి. విడి రాష్ట్రంగా లెక్క కట్టిన రోజున ఆంధ్రప్రదేశ్‌లో ఏజెన్సీ బయట కూడా ఎస్టీ సీటు ఏర్పడే అవకాశం గట్టిగా ఉంది. అప్పుడు అక్కడి జనరల్ నాయకుల లెక్కలన్నీ తలకిందులవుతాయి.

225, 153 సంగతి ఇప్పటికైతే కోర్టులో తేలిపోయింది. 26వ సెక్షన్ ‘170వ అధికరణానికి లోబడి’ అన్న మాటతో మొదలవుతుంది. జమ్మూకశ్మీర్‌లో 2022లో సీట్లు 83 నుంచి 90కి పెంచారు కదా, మాకెందుకు కాదన్న వాదనను 2025 జులైలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కేంద్రపాలిత ప్రాంతానికి 170వ అధికరణం వర్తించదు, రాష్ట్రాలకు వర్తిస్తుంది అన్నది దాని సారాంశం. విభజన చట్టం రాసిన రోజునే ఆ మాటను చదివినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం లేదు.

తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. దాని కోసం జిల్లా, మండల హద్దులు 2025 డిసెంబరు 31 తర్వాత మార్చకూడదని గడువు పెట్టారు. కొత్త హద్దులు గీసేటప్పుడు 2008లో లేని ఇబ్బంది ఒకటి ఎదురవుతుంది. అప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో 23 పెద్ద జిల్లాలుండేవి. భాగహారంలో 9.6ను 10 చేసినా ఒక్కో సీటు మీద పడే తేడా నాలుగు శాతమే. ఇప్పుడు తెలంగాణలోనే 33 జిల్లాలు. 2011 జనాభాను 153 సీట్లతో భాగిస్తే వచ్చే 2.29 లక్షలను సగటు అనుకుని, 3.4 లక్షల జనాభా ఉన్న జిల్లాకు వాటా చూస్తే 1.48. ఒక సీటు ఇస్తే సగటు మీద 48 శాతం ఎక్కువ, రెండిస్తే 26 శాతం తక్కువ. పది శాతం హద్దు దాటకుండా ఉండాలంటే జిల్లా గీతను దాటి పక్క మండలాలను కలపక తప్పదు. ఒక ఎమ్మెల్యే, ఇద్దరు కలెక్టర్ల పరిస్థితి భద్రాచలంతో ఆగదు.

సొంత నియోజకవర్గాన్ని లెక్క చూసుకోవాలనుకునేవాళ్లు రెండు చోట్ల తప్పు చేస్తుంటారు. ఒకటి, ఓటర్ల సంఖ్యను జనాభా సగటుతో పోల్చడం. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు జాబితాలో ఉండరు కాబట్టి ఓటర్లను ఓటర్ల సగటుతోనే, జనాభాను జనాభా సగటుతోనే పోల్చాలి. రెండోది మండలాల పేర్లు. 2008 ఉత్తర్వులో ఉన్నవి నాటి మండలాలు. 2016లో తెలంగాణ మండలాలు 459 నుంచి 584కి పెరిగాయి, నియోజకవర్గ హద్దు మాత్రం పాత మండలపు గీత వెంటే నడుస్తోంది. కొత్త మండలం ఒకే పేరుతో రెండు నియోజకవర్గాల్లో ఉండొచ్చు. కాబట్టి గ్రామాల వారీగా 2001 జనాభా తీసుకుని పాత మండలం కింద కూడితేనే లెక్క సరిపోతుంది.

కమిషన్ ముసాయిదాను గెజెట్‌లో ప్రచురించి, సహ సభ్యుల అసమ్మతిని కూడా పక్కన వేసి, తేదీ చెప్పి బహిరంగ విచారణ జరపాలని చట్టంలో ఉంది. ‘మా మండలాన్ని ఆ నియోజకవర్గంలో కలపొద్దు’ అని సంతకాలు పెట్టించిన వినతిపత్రం అక్కడ నిలవదు. మండలాన్ని తీస్తే పాత సీటు జనాభా ఎంతకు దిగుతుంది, చేర్చిన చోట ఎంతకు ఎక్కుతుంది, రెండూ పది శాతం లోపల ఉన్నాయా, బదులుగా ఏ మండలం ఇటు రావాలి, రిజర్వేషన్ శాతాల వరస దాంతో మారుతుందా అన్న అయిదు జవాబులతో వెళ్లిన అభ్యంతరాన్ని కమిషన్ పక్కన పెట్టేయడం కష్టం. తుది ఉత్తర్వు వెలువడ్డాక 329వ అధికరణం అడ్డుపడుతుంది. స్పష్టంగా నిరంకుశమైతే తప్ప కోర్టులు దాని జోలికి పోవు. కనుక లెక్కల కాగితం ముసాయిదా దశలోనే సిద్ధంగా ఉండాలి.